దక్షిణం హద్దు

ద పడ్డంల్యా.
మిగతా అచ్చరాలన్నీ పడతాండాయి,
ఒక్క ద తప్ప.

జమ్మలమడుగు రిజిస్ట్రారాఫీసు ఎదురుగ్గా
రేకుల కింద నా బల్ల.
ల్యాప్‌టాప్ కింద నాపరాయి పలక.
అది లేకుంటే పదిన్నరకే
అట్లపెనం మాదిరి కాల్తాది.
ఇరిగిన కీలుకు రబ్బరు బ్యాండు.
కొని పద్నాలుగు నెలలు,
వారంటీ పన్నెండు.

దస్తావేజులు రాసేదాన్ని,
ద లేకుండా ఏం రాయాల?
స్తావేజు. రఖాస్తు.
తూర్పు వస్తాది, పడమర వస్తాది,
ఉత్తరం వస్తాది,
క్షిణం కాడ చెయ్యి ఆగిపోతాది.
నా పేరు దస్తగిరమ్మ.
దాని ముందర మటుకు స్తగిరమ్మను.

పాత ఫైల్లోంచి ఒక ద ఎత్తుకొచ్చి
అతికిస్తాండా,
చినిగిన రవికెకు మాసిక వేసినట్ల.
నాలుగు మాసికలు పడేలోపల
తెర నల్లగైతాది.
"సేవ్ చేసినావా మా?" అంటాడు
పక్కబల్ల ఓబులేసు.
నలభై ఏండ్లుగా స్టాంపు పేపరు మీద
చేత్తో రాసే మనిషి.
ఆయప్ప పెన్ను ఏనాడూ ఆ మాట అడగలే.

కంపెనీకి ఫోన్ చేసినా.
తెలుగుకు మూడు నొక్కమన్యారు, నొక్కినా.
హిందీలో ఎత్తినారు.
మళ్ళా నొక్కినా.
"దయచేసి వేచి ఉండండి."
ఎంత తేటగా పలుకుతాండాదో ఆ గొంతు!
నాకు లేని ద
వాళ్ళకాడ గంపలకొద్దీ ఉండాది.
ఇరవై ఆరు నిమిషాలు సన్నాయి.
ఆమైన ఒక పిల్లోడు:
"ఆఫ్ చేసి ఆన్ చేశారా మేడం?"
అదే చేసుకుంటాది నాయనా, రోజుకు ఆరుసార్లు,
నన్నడక్కుండానే.
"సీరియల్ నంబరు చెప్పండి, అడుగున ఉంటుంది."
తిరగేసి చూసినా.
నాపరాయి అరగదీసి పెట్టింది.
మిగిలింది రెండు సున్నాలు.

మెయిల్ పెట్టమన్యారు. పెట్టినా:
యచేసి నా ల్యాప్‌టాప్ బాగు చేయండి.
మీరు రాసిన భాష గుర్తించలేకపోయాము, అని జవాబు.

కడపలో సెంటరుంది, పొమ్మన్యారు.
ఒకరోజు కూలి వదులుకొని
గుడ్లమీది కోడిని పట్టుకున్నట్ల
ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కినా.
ఏడురోడ్ల కాడ దిగి, సందులో సందు.
బోర్డు ఉండాది, నీలం రంగుది.
బోర్డు కింద టైలరు.
"మూసి సంవత్సరమైతాది మా.
దాన్ని దించేదానికి నిచ్చెన ఎవురూ తేలే.
ఈ వారంలో నువ్వు తొమ్మిదో మనిషివి."

పేరు ఖాజావలీ.
చెంబుతో నీళ్ళిచ్చినాడు.
ఏమైందని అడిగినాడు, మొత్తం ఇన్నాడు,
నడుమ సన్నాయి పెట్టలే.
"ఏ అచ్చరం?"
"ద."
అద్దాలు తగిలించుకొని, గుండుసూదితో,
చొక్కా గుండీ ఊడదీసినట్ల
కీని పైకి లేపినాడు.
ఉగ్గానిలోంచి రాలిన పప్పుల పొడి,
గట్టిపడి, ఆవగింజంత.

దదదదద అని
తెరనిండా కొట్టినా.
దుడ్లు తీసుకోలే.
"ఆరిపోయే జబ్బు నా చేతకాదు మా,
నా మిషనే నడుమ కుట్టు దాటేస్తాది."

తిరుగుబస్సు ఎర్రగుంట్ల దాటినంక మెసేజి:
మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.
మా సేవకు ఐదింట ఎన్ని నక్షత్రాలిస్తారు?
ఐదూ నొక్కినా.
ఉద్యోగి పేరు అని గడి ఉంటే
ఖాజావలీ అని రాసినా.

ఈ పొద్దు తెల్లారకముందే చౌడప్ప వచ్చి కూర్చోనుండాడు,
ఎకరా ముప్పై సెంట్లు అమ్మేదానికి.
బొటనవేలు ఇప్పుడే సిరాలో ముంచినట్ల
గాల్లో పెట్టుకొని.
తూర్పు: పెన్నకు పోయే బాట.
పడమర: సుబ్బరాయుడి బీడు.
ఉత్తరం: వంక.
దక్షిణం,
చూడండి, ఎంత చక్కగా పడిందో,
"దక్షిణం ఎవురిది పెద్దాయనా?"
అంటాండంగానే తెర నల్లగైంది.

చౌడప్ప వంగి, అందులో
తన ముఖం కాసేపు చూసుకొని,
"నాదే మా," అన్యాడు.
"అది అమ్మడంల్యా."