మాత్రం

నవలలో నలభై రెండో పేజీ:
"వల్లభాంబగారు మర్యాదకి లోటు రానివ్వలేదు.
పంచదారకి మాత్రం వచ్చింది."
అంతే.
తొంభై ఏళ్ల కిందటి ఆ రెండు ముక్కలకీ
అల్లిపురం లైబ్రరీలో ఒకాయన
పుస్తకం మూసి, కళ్లజోడు తీసి మరీ నవ్వేవాడు.

ఇప్పుడది నేను సినిమాకి రాయాలి.
సీను పదకొండు. ఇంటి లోపల. పగలు.
వల్లభాంబ కాఫీ ఇస్తుంది. పెళ్లివారు తాగుతారు.
మరి ఆ 'మాత్రం' ఎక్కడ కూచుంటుంది?
ఏ లెన్సు పెట్టినా గ్లాసు కనబడుతుంది,
గాజుల చెయ్యి కనబడుతుంది,
అది కనబడదు.

నిర్మాతది లాసన్స్ బేలో సముద్రం కనబడే బాల్కనీ.
"పెళ్లికొడుకు థూ అని ఉమ్మేస్తే పోలా?
హాలు గొల్లుమంటుంది" అన్నాడు.
నేను జీడిపప్పు నమిలాను.
జీడిపప్పు అతనిదే మరి.

కోటవీధిలో ఇల్లు దొరికింది.
ఉప్పుగాలి కొరికేసిన కిటికీ ఊచలు.
టేక్ అనగానే హార్బర్లో ఓడ కూత.
ఏడు టేకులు పోయాయి. ఐదు ఓడల వల్ల,
రెండు నా డైలాగు వల్ల.
అవును, చివరికి డైలాగే రాశాను:
"అయ్యో, పంచదార తగ్గిందాండీ?"

వల్లభాంబ వేషం నూకరత్నం గారిది.
అనకాపల్లి స్టేజీ మీద ముప్పై ఏళ్లు నలిగిన మనిషి.
"ఏటి బాబూ, ఈవిడ పంచదార ఊసు పైకి ఎత్తుతాదా?
ఎత్తితే ఇంక ఈవిడ ఈవిడేటి?" అంది.
డైరెక్టరు ఫోన్లో ఉన్నాడు.

మధ్యాహ్నం లైట్లు ఆర్పేశారు.
నిర్మాత బావమరిది దిగాడు, పిలవకుండా, కుర్చీ నిండా.
నూకరత్నం గారే లేచి కాఫీ కలిపింది.
డబ్బాలోంచి చెంచా గోపురంలా పైకి లేచింది.
"ఎండన పడొచ్చేరు, పాపం" అని నవ్వింది,
నవ్వుతూనే బొటనవేలితో ఆ గోపురాన్ని
డబ్బాలోకే కూల్చేసింది.

కెమెరా మీద తువ్వాలు కప్పి ఉంది.

రాత్రి డైలాగు కొట్టేసి అదే రాశాను.
మర్నాడు ఆవిడ అలాగే చేసింది.
ఓడలు కూడా నోరు మూసుకున్నాయి.
క్లోజప్పులో బొటనవేలు, చెంచా, రాలే పంచదార.
చప్పట్లు.
నిర్మాత సైతం "ఆఁ, అర్థమైంది" అన్నాడు.
అక్కడే నాకు గుండె జారింది.

సామాన్లు వ్యానెక్కుతుంటే
నూకరత్నం గారు గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.
"రాసినోరికి నచ్చినట్టేనా బాబూ?"

చాలా బాగుందండీ, అన్నాను తాగుతూ.
అడుగుదాకా తాగాను.
అడుగున ఒక్క పలుకు పంచదార లేదు.