కాకిబంగారం చుట్టు

సైదాపురం దాటి అయిదు మైళ్ళు వస్తే
మా గని ఉండేది.
గని మూసేసినాక దారి మిగిలింది.
ఇరవై ఏళ్ళు లారీలు తొక్కి తొక్కి
బండలా చేసిన ఎర్రదారి,
గోతులన్నీ చుట్టి
బయల్దేరిన కాటా దగ్గరికే మళ్ళా వచ్చేది.
ఎక్కడికీ పోని దారిని ఎవరేం చేసుకుంటారు?

గూడూరులో పంపుసెట్లు బాగుచేసే సిలార్
రాజ్‌దూత్ మీద వచ్చి ఒక్కసారి చుట్టినాడు.
దిగి, కళ్ళద్దాలు చొక్కాకు తుడుచుకొని
"మేయ్ రవణమ్మా, ఇది దారి కాదు" అన్నాడు.
మరేందో చెప్పలేదు.
పై ఆదివారానికి పదకొండు బళ్ళు వచ్చినాయి.

మా నాయన తూటాల మునెయ్య.
తూటా పేలే ముందు ఊపే ఎర్రగుడ్డ
మా ఇంట్లోనే ఉండిపొయ్యింది, కంపెనీ అడగలేదు.
అది చూస్తే బండల చాటుకు ఉరికేవాళ్ళు జనం.
అదే మా జెండా అయింది.
నాయన ఊపేవాడు,
ఊపిన ప్రతిసారీ అలవాటుకొద్దీ చెవులు మూసుకొనేవాడు.

చుట్టు ఇట్లా పొయ్యేది.
కాటా నుంచి నేరుగా నాలుగు ఫర్లాంగులు,
ఎడమన జీడిమామిడి, కుడిపక్క తెల్లరాళ్ళ దిబ్బ.
కొసన ఓబులేసు మలుపు.
ఓబులేసు అక్కడ పడలేదు,
పడ్డోళ్ళకు పసుపు పెట్టేవాడు.
తర్వాత మూడో నంబరు గోతి అంచు.
గట్టు లేదు, సర్కారుకంపే మా గోడ.
అక్కడ గేరు దించితే నవ్వేవాళ్ళు,
నవ్వించుకొని ఇంటికి పొయ్యేవాళ్ళు బుద్ధిమంతులు.
ఆపైన షెడ్ల వెనక పాము మెలికలు.
ఆ షెడ్లల్లోనే ఆడోళ్ళు కూచొని
కాకిబంగారం పొరలు విడదీసేది.
మా అమ్మ బొటనవేలి గోరు అక్కడే పొయ్యింది.
పదిగంటల ఎండకు నేలంతా మండిపొయ్యేది,
వచ్చేవాడికి దారి ఆనదు, ఒట్టి వెలుగే.
ఆ చోటుకు పేరు పెట్టలేదు మేము.
గుర్తుతో తిప్పాల్సిందే హ్యాండిలు.
బయటపడితే దిగుడు,
వాగు మీద ట్రాలీ పట్టాలు, దడదడ,
మళ్ళా కాటా.

నేను కాటా మీద కూచొని టైము రాసేదాన్ని,
కంపెనీ వదిలేసిన హాజరు పుస్తకంలో,
కూలోళ్ళ పేర్ల ఎదురుగా మిగిలిన గళ్ళలో.
దశయ్య గడిలో కావలి కుర్రోడి యెజ్డీ,
మా అమ్మ గడిలో సిలార్:
రెండు నిముషాల పదకొండు సెకన్లు.

ఆ పదకొండు నాది.
ఆ పొద్దు వెలుగులోంచి అతను ఊడిపడ్డట్టు రావడం చూస్తా
గడియారం నొక్కడం మరిచిపొయినాను.
జనం అరస్తా మీదపడి ఎంత ఎంత అంటే
నోటికొచ్చింది చెప్పినాను. చెప్పిందే రాసినాను.
ఆరేళ్ళు ఆ పదకొండు కోసం వచ్చినారు పిల్లోళ్ళు.
పద్నాలుగు దాకా వచ్చినోడు ఒకడు,
పదమూడుకు దిగబోయి కంపలో తేలినోడు ఒకడు.
అతని కాలికి ఓబులేసు పసుపు చాల్లేదు.
నెల్లూరు తీసుకుపోతావుంటే
జీపులో అడిగినాడు నన్ను, ఎంతొచ్చిందక్కా అని.

ఇప్పుడు తెల్లరాయికి ధర వచ్చింది.
మేం పారేసిన దిబ్బలు ముందు ఎత్తుకుపొయినారు.
దారి కిందా రాయుండాదని తర్వాత తెలిసింది వాళ్ళకు.
నేరుగా పొయ్యే నాలుగు ఫర్లాంగులూ గుంట,
గుంటలో పచ్చనీళ్ళు, బర్రెలు.
మొన్న సర్వే అబ్బాయి పటం పరిచి
పాత రోడ్డేదో ఉండాలమ్మా అన్నాడు.
వేలితో గీసి చూపినాను, మెలికల దగ్గర వేలు తనంతట తనే నిదానించింది.
"ఇంత వంకరగా ఎవరేసినారమ్మా?"
రాయి ఏడుంటే ఆడికి పొయ్యింది నాయనా, అన్నాను.

సిలార్‌కు ఇప్పుడు చూపు ఆనదు.
పోయినేడు గూడూరులో వాళ్ళింటికి పోతే
కూతురు టీ ఇచ్చి లోపలికి పొయ్యేదాకా ఆగి
"రవణమ్మా, ఆ పదకొండు...
నాకైతే పదిహేను పైనే అనిపించింది" అన్నాడు.
పుస్తకం ఉండాది, తెస్తాను అన్నాను.
గ్లాసు కోసం బల్ల తడుముకుంటా
"తేబాక" అన్నాడు.