సబర్

మహిపాల్, ముందుగాల పైపు పట్టుకో.
మొక్క దిక్కు తిప్పకు.
రెండు నిమిషాలు ఇసుక మీద పోనియ్యి.
పైపుల నిలిచిన నీళ్లు చాయ్ కంటె కాలుతయి,
వేర్లు ఉడికిపోతయి.
ఈ ఒక్క ముచ్చట నేర్చుకునేందుకు నాకు
నలభై కుండీలు పోయినయి,
జీతంల పదిహేను రియాళ్లు పోయినయి.
నీకు ఉత్తగనే చెప్తున్న.

బర్కాల మన నర్సరీ చిన్నది.
అటు సముద్రం, ఇటు మస్కట్ రోడ్డు,
నడుమ పచ్చజాలి కింద నువ్వు, నేను,
నాలుగు వందల కలబందలు.

ఇది మనకెరుకైందే,
జగిత్యాల దుకాణాల ముంగట దిష్టికి కట్టేది.
మొఖానికి, జుట్టుకు, కాలిన చేతులకు
దీన్నే అడుగుతరు అందరు.
గీ పొట్టిది పులిచారలది,
కిటికీల పెట్టుకునేటోళ్లకియ్యి.
ఎండ దెబ్బకు ఎర్రగైతది.
చస్తున్నదని నీళ్లు గుమ్మరియ్యకు,
ఎండకు తొడుక్కున్న అంగి అది.
గా మూలకు చెట్టోలె పెరిగింది సూడు,
కొమ్మ ఇరిచి గుచ్చినా బతుకుతది.
ఇగ ఈ బూడిదరంగుది ధోఫార్ గుట్టల బిడ్డ.
దీనికి మనం నేర్పేదేం లేదు,
అడ్డం రాకపోతే చాలు.

ఒక సారు
సుట్లు సుట్లు తిరిగిన కలబంద తెచ్చిండు,
చలికొండలదట, ఏసీ కారుల ఒళ్లె పెట్టుకొని.
బతికియ్యమన్నడు.
జూన్ రెండో వారం దాక ఉన్నది.
కుండీ కడిగి పెట్టిన.
అండ్ల ఇంకోటి నాటబుద్ధి కాలే.

సగం ఇసుక కలుపు.
సముద్రపుది గాదు, ఉప్పు. వాదీల ఇసుక.
తక్కింది గులకరాళ్లు, ఎండిన ఎరువు.
అడుగున బొక్క ఉన్నదా సూడు,
బొక్క లేని కుండీ బొందనే.
నీళ్లు పోసే ముందు వేలు పెట్టు.
రెండు కనుపుల దాక పొడిగుంటెనే పొయ్యి.

తల్లి పక్కపొంటి పిల్లలు లేస్తయి.
అరచేయంత అయినంక కొయ్యి,
కోసిన ఎంటనే నాటకు.
నీడల మూడు నాలుగు దినాలు పండవెట్టు.
కోత ఎండి తోలు కట్టాలె.
పచ్చి గాయాన్ని మట్టిల పెడితే మురుగుతది.
నువ్వు దిగిన రాత్రి
దుప్పట్ల మొఖం పెట్టి ఏడుస్తుంటె
నేను పలకరియ్యలే, యాదికున్నదా?
నాలుగో దినం చాయ్ తెచ్చిన.

నేనొచ్చిన కొత్తల ఒక ముసలామె
కారు దిగి అడిగింది: ఇందక్ సబర్?
అరబ్బీ రాదు, సబర్ మాత్రం ఎరుక.
మా నాయిన అప్పులోళ్లకు చెప్పే మాట అదొక్కటే.
ఏజెంటు యాదికొచ్చిండు, మిత్తి యాదికొచ్చింది,
గుండె మీద చెయ్యి వెట్టి
ఉన్నదమ్మా, మస్తున్నది, అన్న.
ఆమె నవ్వలే.
వేలుతోని కలబంద చూపెట్టింది.
ఇక్కడ రెంటికీ ఒక్కటే పేరు.
మనుమడు తల్లిపాలు మాన్తలేడట.
ఆకు కోస్తే కారే పసుపు సొన
రొమ్ముకు పూస్తరట.
మూడు కుండీలు కొనుక్కపోయింది.
ఆ రాత్రి నేను గూడ
ఒక బొట్టు నాలుకకు రాసుకున్న.
తెల్లారిందాక పోలే చేదు.

దిష్టి సంగతి చెప్తే మాలిక్ ముచ్చటపడ్డడు,
గేటుకు ఒకటి కట్టుమన్నడు.
తలకిందులు, వేర్లు మీదికి,
మట్టి లేకుండ, నీళ్లు లేకుండ
గాలి తాగి ఏండ్లకేండ్లు బతుకుతది,
ఒక్కోసారి పూస్తది గూడ, అని చెప్పింది నేనే.
కని కట్టలే.
ఎందుకో నన్నడగకు.

పన్నెండున్నర అయితున్నది, పైపు బందువెట్టు.
ఎండకాలం మూడున్నర దాక
మనిషిని ఎండల నిలవెట్టొద్దని కానూన్.
మొక్కలకు రాయలే ఎవ్వరు.
పా, గా పులిచారలయి
జాలి కిందికి జరిపి పోదాం.