తప్పుల చెట్టు

అక్టోబరు చివర, మొదటి మంచు పడకముందే
మా అత్తగారు ఒతిలియా
బల్లమీది గుడ్డ తీసేసి
తెల్లదారం ఉండల్ని వరసగా నిలబెడుతుంది,
బడికి పంపేముందు పిల్లల్ని చూసుకున్నట్టు.
ఇక క్రిస్మస్ దాకా ఆ బల్ల దగ్గర భోజనాల్లేవు.
ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తింటాం అందరం.

నేను బాల్టిక్ ఒడ్డునుంచి ఈ కొండల్లోకొచ్చిన కోడల్ని.
మా నాన్న వలలు బాగుచేసేవాడు.
నాకు తెలిసిన వలకళ్ళు చేపను పట్టడానికి.
ఇక్కడి కళ్ళు దేన్నీ పట్టవు.
కిటికీకి వేలాడదీస్తే
వెలుతురు వాటిలోంచి దూరి
ఎదురుగోడమీద కాసేపు కూచుని వెళ్తుంది.

ఆరు గొలుసు కుట్లు, చుట్టి ఒక ముడి.
అక్కణ్ణించి ఆరు కొమ్మలు. ఆరే.
"మంచుకి ఐదు రావు, ఏడు రావు.
దేవుడికి లెక్కలొచ్చు" అంటుంది ఆవిడ
క్రోషియా సూదిని చెవి వెనక జుట్టులో దోపుకుంటూ.

బంగాళాదుంప గంజి పలచగా కాచి
నక్షత్రాల్ని ముంచి, పిండి,
పాత దిండుమీద గుండుసూదులు గుచ్చి పరుస్తాం.
తెల్లారేసరికి అవి
కొత్త చొక్కా తొడిగిన పెళ్ళికొడుకుల్లా బిర్రబిగుసుకుంటాయి.
నా వేళ్ళమీద మాత్రం
గంజి పొరేదో, చలికి లేచిన చర్మమేదో
పీకి చూస్తేగాని తెలీదు.

డిసెంబరు మొదటివారం చేషిన్ నుంచి వ్యాన్ వస్తుంది.
రొమువాల్ద్ గారు బూట్లు విప్పకుండానే
ఒక్కోటీ దీపానికెదురు పట్టి చూస్తాడు.
నక్షత్రాలు, గంటలు, బొటనవేలంత దేవదూతలు.
బాగున్నవి డబ్బాలోకి.
బాగోనివి మళ్ళీ బల్లమీదికి.

ఆ బాగోనివే మా ఇంటి చెట్టుకి.

మొదటేడు నవ్వాపుకోలేకపోయాను.
దేశాలకి అల్లిపెట్టే ఇంట్లో
అవిటి నక్షత్రాల సంత!
నాలుక లేని గంట,
ఒక రెక్క పొట్టి దేవదూత,
తల కిందికే వాలిపోయే గొర్రెపిల్ల.

కడుతూ కడుతూ చెప్పింది ఆవిడ.
నాకు చెప్పాలని కాదు,
పళ్ళమధ్య దారం పెట్టుకుని, ఎటో చూస్తూ.

"ఇది క్సావెరీ పుట్టిన రాత్రిది.
నాలుగో కొమ్మ దగ్గర నొప్పులొచ్చాయి.
ఇది సైన్యం రోడ్డెక్కిన డిసెంబరుది.
ఫోన్లు మూగబోయాయి, దీపం పెట్టాలంటే భయం.
చూడు, పద్దెనిమిది కొమ్మలు.
ఎక్కడాపాలో తెలీలేదు.
ఇది, ఓస్త్రవా గనినుంచి ఒక మనిషొచ్చి
తలుపు కొట్టినప్పటిది."

దానికి కొమ్మలే లేవు.
ఆరు గొలుసు కుట్లు, చుట్టి ఒక ముడి.
చెట్టు లోపలివైపు, మొదలుకి దగ్గరగా కట్టింది.

తర్వాత నావీ ఎక్కాయి ఆ చెట్టు.
తొలి శీతాకాలానివే పదకొండు.
వలముడి అలవాటుకి పిడికిలైపోయింది ఒకటి.
క్సావెరీతో మాటల్లేని వారానిది ఇంకొకటి.
కొమ్మలు ఆరే, కానీ దేని పొడవు దానిదే.
ఆవిడ ఏమీ అడగలేదు.
అందరికీ కనపడే చోట కట్టి
వాడి కుర్చీని దానికెదురుగా జరిపింది.

అమ్ముడైనవి ఎక్కడెక్కడ వేలాడుతున్నాయో.
వాటికి ఏ రాత్రీ గుర్తుండదు.

ఇది నా ఆరో శీతాకాలం.
నిన్న సాయంత్రం నేనల్లిన నక్షత్రాన్ని
అత్తగారు కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమింది,
ఒక్కో కొమ్మా, ఒక్కో ముడీ, చివరిదాకా.
"ఇది అమ్ముడవుతుంది" అంది.
డబ్బాలో అన్నిటికంటే పైన పెట్టింది.

రేపు వ్యాన్ వస్తుంది.
ఇల్లంతా నిద్రపోయాక
డబ్బా మూత తీసి, దాన్ని పొయ్యి వెలుగులోకి పట్టాను.
ఒకటి, రెండు, మూడు...
ఆరు.

మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతున్నాను,
ఎక్కడో ఒక కుట్టు
జారకపోయి ఉంటుందా అని.