ముప్పై మూడు అంగుళాలు

"గట్టు ఎంత ఎత్తు కట్టమంటారమ్మా?"
తాపీ కొసతో చెవి వెనక గోక్కుంటూ
అడిగాడు ఏసుపాదం మేస్త్రి.
అతనికి అది ఒట్టి కొలత.
సింగ్ నగర్‌లో మాకు
గట్టు అనే మాటకి ఇంకో అర్థం ఉంది.
తెగేది.

గోడ మీద ఆ గీత చూడండి,
స్విచ్‌బోర్డుకి జానెడు పైన.
రెండు కోటింగుల పెయింటు వేసినా
చెమట పట్టినట్టు మళ్ళీ పైకొస్తుంది.
మా వంటింట్లో ఎక్కడిదాకా నిలబడిందో
బుడమేరు
తనే రాసుకుని పోయింది.

పాత గట్టు కడప రాయి.
కాపురానికొచ్చిన ఏడాది
వేడి మూకుడు దించిన చోట తెల్లటి నెలవంక,
కొబ్బరికాయలు కొట్టీ కొట్టీ ఊడిన మూల.
ఆరు రోజులు నీళ్ళ కింద ఉన్నా
రాయికి ఏమీ కాలేదు.
దాని కింద అప్పు చేసి చేయించిన అలమరలే
నానిన అటుకుల్లా ఉబ్బి
నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాయి.
మిక్సీ జారులో చేపపిల్ల దొరికింది.
నవ్వాలో ఏడవాలో తెలియక
కాలవలో వదిలి రమ్మన్నాను.

ఇప్పుడు మా సాయంత్రాలన్నీ రాళ్ళ కొట్లలోనే.
వరసగా నిలబెట్టిన పలకల మధ్య
చెంబుతో నీళ్ళు చల్లి చూపిస్తాడు చంపాలాల్.
తడిస్తేనే రాయి అసలు రంగు తెలుస్తుందట.
తెలుసులే బాబూ,
మేం తడిసి వచ్చినవాళ్ళమే.

"బ్లాక్ గెలాక్సీ! మన చీమకుర్తిదే!"
నలుపులో బంగారు నలుసులు.
లింగమూర్తి చెయ్యి తియ్యకుండా నిమురుతున్నాడు.
చీమకుర్తిదైతే అయింది గానీ
దాని మీద చీమ కనపడుతుందా అని నా బెంగ.

తెల్ల క్వార్ట్జ్ ముక్క మీద
సంచీలోంచి స్టీలు డబ్బా తీసి
పసుపు, చింతపండు రసం, ఉసిరావకాయ నూనె
మూడు బొట్లు పెట్టాను.
"పెళ్ళిచూపులా అమ్మా?" అన్నాడు.
"అవును. రేపొచ్చి చెప్తాం."
మర్నాటికి పులుపు పోయింది, నూనె పోయింది.
పసుపు మాత్రం కూచుంది
పుట్టింటికి వచ్చినంత ధీమాగా.

లౌక్య ఫోనులో బొమ్మలు చూపిస్తుంది.
ఐలాండ్ కిచెన్ అట,
మధ్యలో గట్టు, చుట్టూ ఖాళీ.
"ద్వీపం మనకి కొత్తటే?" అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
కాసేపయ్యాక అందరం ఒకేసారి నవ్వాం.

చదరపు అడుగు రెండొందల పది,
అంచు పాలిష్‌కి వేరే, సింకు కోతకి వేరే.
కరెంటు బిల్లు వెనక రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి
రాత్రి పన్నెండింటికి అడిగాడు లింగమూర్తి:
"మళ్ళీ వస్తే?"
ఫ్యాను తిరుగుతూనే ఉంది.
"రాయి ఉంటుంది" అన్నాను.

మేస్త్రి ఇంకా నిలబడే ఉన్నాడు.
గీతకి పైన కట్టిస్తే నాలుగడుగుల రెండంగుళాలు.
పీట ఎక్కి పప్పు ఎనపాలి.
పక్కింటి మస్తానమ్మ
ఆ రోజు అటకెక్కించిన కారం డబ్బా
ఇంతవరకు దించలేదు,
కూర దించిన ప్రతిసారీ నిచ్చెన అడుగుతుంది.

గోడకి ఆనుకుని మోచెయ్యి మడిచాను.
దాని కింద నాలుగు వేళ్ళు వదిలి
పెన్సిల్‌తో గీత కొట్టాడు ఏసుపాదం.
టేపు లాగి చదివాడు, ముప్పై మూడు.

పైది నీళ్ళది.
కిందది నాది.

రాయి స్టీల్ గ్రే. అంచు గుండ్రంగా ఉండాలి,
ఆ చీకట్లో పాత మూల తగిలిన తుంటి
మబ్బు పడితే ఇప్పటికీ సలుపుతుంది.
కింద చెక్క వద్దు, పుల్ల కూడా వద్దు.

ఇదిగో మేస్త్రీ, ఆ కడప రాయి పగలగొట్టకు.
నలుగుర్ని పిలిచి మేడ మీదకి ఎక్కించు,
వాటర్ ట్యాంకు పక్కన, రెండు ఇటుక వరసల మీద.
ఎప్పుడైనా అందరం అక్కడే ఉండాల్సొస్తే
టీ పెట్టుకోడానికి
ఓ గట్టంటూ ఉండాలి కదా.