ఐదు మాత్రలు

సుదర్శనాచారి సారు ఎలక్షన్ డ్యూటీకి పోయిండు.
ఆయన గంట నాకు పడ్డది.
రంగశాయిపేట కాలేజీ, మూడో గది,
బోర్డు మీద సగం చెరిపిన గణవిభజన:
గిన్నెల్లాంటి గురువులు,
అగ్గిపుల్లల్లాంటి లఘువులు.

నేను లెక్కల వాణ్ణి.
పద్యం నాకు ఇంటర్‌లో
ముప్పై ఐదు మార్కుల కాడ ఆగిపోయిన తొవ్వ.
చేతిలో చాక్‌పీసు ఉంది కనుక ఒకటి అడిగిన:
లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు,
మొత్తం ఐదే కావాలె.
ఎన్ని తీర్ల పేర్చొచ్చు?

కరెంటు పోయింది.
తగణం, రగణం, యగణం,
మూడు దొరికినయ్ ముందు బెంచీకి.
భగణం పక్కన లఘువు, నాలుగు.
వెనక బెంచీ బల్లను వేళ్ళతో కొట్టుకుంటూ పోయి
ఎనిమిది దగ్గర ఆగింది.
మరి ఆరు మాత్రలకో, అన్న, ఇరికిద్దామని.

"పదమూడు" అన్నది జన్ను సుకన్య,
రాయకుండ, కొట్టకుండ.

ఎట్ల?

"మా బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలీ సార్.
బస్తా మీదుంటె అడుగుకు రెండు ఊపిర్లు,
ఖాళీగ తిరిగొస్తె ఒక్కటే.
ఆరో ఊపిరి కాడ నిలవడ్డడనుకోండ్రి.
ఆఖరి అడుగు ఖాళీదైతె అంతకు ముందటివి ఐదు,
అవి ఎనిమిది తీర్లు, ఇప్పుడే లెక్కవెట్టినం.
ఆఖరిది బస్తా అడుగైతె ముందటివి నాలుగే,
వాటికి ఐదు తీర్లు.
ఎనిమిదీ, ఐదూ."

ఈ వరుసను నేను ఎమ్మెస్సీలో
కుందేళ్ళ లెక్కగా చదువుకున్న.
ఇక్కడ కుందేళ్ళు లేవు,
లారీకి ఆనించిన పలక ఉంది, ఎర్రటి ఘాటు ఉంది.
గురువు అంటే బరువని నిఘంటువులో ఉన్నదే.
దానికి ఒక వీపు ఉంటదని
ఇన్నేండ్లు తట్టలేదు నాకు.

"కని సార్, మిర్చి సీజన్ల నడిమిట్ల దగ్గొస్తది.
దానికేం గుర్తు వెట్టాలె?"

యతి అందామనుకున్న.
ఆగుడు వేరు, ఆపబడుడు వేరు.
ఊకున్న.

మర్నాడు సుదర్శనాచారి సారు
బోర్డు కింద నా అంకెలు చూసిండు.
చెరపలేదు. పైకి చదివిండు, పద్యం చదివినట్టే:
ఒకటి, రెండు, మూడు, ఐదు,
నాలుగింటికీ మూడేసి మాత్రలే చూడుండ్రి!
ఎనిమిది కాడ ఒకటి పెరిగె,
పదమూడు కాడ ఇంకొకటి.
నడుస్తున్న కొద్దీ బరువెక్కుతున్నయ్ సార్ మీ అంకెలు.

నేను ద్వారం కాడ నిలవడి విన్న.
ఇన్నేండ్లు ఆ మాటలు పలికిన,
ఒక్కసారీ తూయలేదు.

అప్పుడు సుకన్య ప్రశ్న ఆయనకు చెప్పిన.
ఆయన అలవాటుగా వేళ్ళు ముడిచిండు:
దగ్గు. ద్విత్వం ముందు ద గురువు, గ్గు లఘువు,
మూడు మాత్రలు.

"డాక్టరు రాసింది గూడ గంతే సార్" అన్నది సుకన్య,
"దినాం మూడు."

సారు ముడిచిన వేళ్ళు
చానాసేపు అట్లనే ఉంచుకున్నడు.