గంప కింద నాలుగు రోజులు

చుక్కల పెట్టను శివాజీనగర్‌లో కొన్నాను,
కాళ్ళు కట్టి, సంచిలోంచి తల మాత్రం బయటికి.
రెండు బస్సులు మారి హెగ్గనహళ్ళి చేరేలోపు
నా ఒళ్ళో ఒక గుడ్డు పెట్టింది,
భయానికో,
బాడుగ అడ్వాన్సు కిందో.

వఠారం వెనక, సంపుకూ గోడకూ నడుమ
ఎనిమిదడుగుల జాగా.
అప్పటికే అక్కడ నాలుగున్నాయి.
పేర్లు పెట్టొద్దే, పెడితే కూరకు చెయ్యి రాదు
అంది పక్కింటి ఈరమ్మవ్వ.
పెట్టలేదు.
ఎర్రపెట్టకు మాత్రం పేరు దానంతటదే వచ్చింది: మేస్త్రి.
నూకలు చల్లితే ముందు అది.
అది తిని, ముక్కు రాయికి తుడుచుకున్నాక నల్లది,
తర్వాత బోడిమెడది,
తర్వాత కుంటిది.
చుక్కలదాని వంతుకు మట్టి.

మూడోనాడు షిఫ్టు దిగి వచ్చి చూస్తే
దాని వీపు మీద అరచేయంత బోడి.
నెత్తురు కనబడితే కోళ్ళు ఆగవు,
ఎరుపు వాటికి పిలుపు.
మొదలుపెట్టింది మేస్త్రే, నిజం,
కానీ ఎక్కువ పొడిచింది కుంటిది,
మొన్నటిదాకా అందరి చేతా తిన్నది.

పసుపూ వేపనూనే కలిపి రాశాను.
ఆ వాసనకు రెండు గంటలు ఆగాయి.
ఎరుపును కప్పుతుందని మందులషాపతను
ఊదారంగు మందు ఇచ్చాడు.
రోజూ రాసి రాసి నా వేళ్ళు కూడా ఊదా.
కాలర్లకు మరకలవుతాయని రుద్రేశ్ సార్
నన్ను మిషన్ మీంచి లేపి గుండీల దగ్గర కూచోబెట్టాడు.
రెండో పళ్ళెం పెట్టాను.
మేస్త్రి రెండిటికీ కాపలా కాసింది.
పొడవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని
కోసుగడ్డ ఒకటి తాడుకు వేలాడదీశాను.
ఒక పూటకు తొడిమ మిగిలింది.
చివరికి చుక్కలదాన్నే గంప కింద మూశాను.
లోపల అది ఒక మూలకు తల ఆనించి నిలబడింది,
క్లాసు బయట నిలబెట్టిన పిల్లలాగా.

ఈరమ్మవ్వ వక్క నములుతూ చూసి చూసి అంది:
"దెబ్బలు తిన్నదాన్ని జైల్లో పెట్టినావేమే?
కొట్టినదాన్ని మూయి."

నాలుగు రోజులు మేస్త్రి గంప కింద.
మొదటిరోజు దాని కేకలకు
మేడ మీంచి ఓనరమ్మ తొంగి చూసింది, ఏనమ్మా గలాటె అని.
రెండోరోజు గుడ్డు లేదు.
మూడోరోజు గొంతు లేదు.
బయట, ఎవరూ చెప్పకుండానే, నల్లది ముందు తినసాగింది.
చుక్కలది సంపు మూత మీద
ఎండకు ఒక రెక్క చాపి పడుకుంది.
దానికి నిద్రొస్తుందని నాకదే మొదటిసారి తెలియడం.

నాలుగోనాటి రాత్రి, కొయ్య మీద అన్నీ కునుకుతుంటే
మేస్త్రిని ఎత్తి చివరన కూచోబెట్టాను.
నాలుగు రోజుల క్రితం కంటే బరువు తగ్గింది.
తెల్లారేసరికి లెక్క మర్చిపోతాయనుకున్నా.

మర్చిపోలేదు. తిరగరాసుకున్నాయి.
నూకలకు వంగిన మేస్త్రి నెత్తిన
మొదటి పోటు చుక్కలదే.
వీపు మీద ఈకలింకా సూదిమొనలే,
ఊదారంగింకా పోనేలేదు.

చేట పట్టుకుని నిలబడిపోయాను,
అదిలించాలో, ఇంకో గుప్పెడు వెయ్యాలో.
ఏడున్నర బస్సు హారన్ కొట్టింది.

ఆ మధ్యాహ్నం నీళ్ళ కుళాయి దగ్గర
కొత్తగా చేరిన ఒడిశా పిల్ల, మమిత,
సీసాతో నా ముందుకొచ్చి నిలబడింది.
"వరసలో రా" అనబోయాను,
నా మొదటి నెలలో ఎవరో నాతో అన్న మాటే, అదే గొంతుతో.
ఆ పిల్ల నా వేళ్ళు చూసి
హిందీలో అడిగింది, ఏమైంది దీదీ, ఈ రంగేంటని.
హిందీలో కోడిని ఏమంటారో గుర్తు రాలేదు.
రెండు మోచేతులూ ఆడించి చూపించాను.
నవ్వి, నీళ్ళు ఒలకబోసుకుంది.

సాయంత్రం దారిలో ఇంకో గంప కొన్నాను.
ఎవరికో ఇంకా తెలీదు.